ఎనిమిది విడతలు: మా సంఘం అనుభవం
(మండల సమాఖ్య మహాజన సభలో ఒక సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నది రికవరీ గురించి. మా సంఘం ఏ గ్రేడు నుంచి బీకి ఎందుకు దిగింది, మళ్ళీ ఏకి ఎలా వచ్చింది, అది చెప్పమన్నారు. చెప్తాం. కానీ అది చెప్పాలంటే మాలో ఒక అక్కకి వచ్చిన జబ్బు సంగతి చెప్పాలి. పేరు చెప్పొద్దంది, అందుకని చెప్పడం లేదు. మిగతాదంతా చెప్పమన్నది కూడా ఆవిడే. ఈ కాగితం రాశాక ముందు ఆవిడకే చదివి వినిపించాం. రెండు చోట్ల కొట్టేయమంది, కొట్టేశాం.

మాది కోనసీమ. మా అక్క రొయ్యల షెడ్డులో పని చేసేది. తల తీయడం, పొట్టు తీయడం, కిలోకి ఇంత అని లెక్క. తెల్లారగట్ల మూడింటికి ఆటో వస్తే ఎక్కేసి, మధ్యాహ్నం దాకా ఐసులో చేతులు పెట్టి నిలబడేది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

2023 కార్తీకమాసంలో విరేచనంలో రక్తం కనపడింది. మొలలే అనుకుంది. మనమెవరమైనా అలాగే అనుకుంటాం. షెడ్డులో నిలబడి నిలబడి వచ్చుంటాయిలే అని ఇంట్లో కూడా చెప్పలేదు. తర్వాత మొలలకి వైద్యం చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన వేలు పెట్టి చూడలేదు, ఏ పరీక్షకీ పంపలేదు. పూత మందు, పొడుం, కారం మానేయమని పథ్యం. ఎనిమిది నెలలు, పద్దెనిమిది వేలు. ఈలోగా మనిషి పాలిపోయింది. రక్తం తక్కువగా ఉందని ఐరన్, ఫోలిక్ మాత్రలు వేసుకుంటూ ఉండేది. రక్తం ఎందుకు తగ్గుతోందని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. ఒకరోజు మలబద్ధకం, రెండు రోజులు విరేచనాలు, మళ్ళీ మలబద్ధకం, ఇలా మారిపోవడం కూడా జబ్బు గుర్తే అని మాకు తర్వాత తెలిసింది.

2024 జూలైలో కడుపునొప్పికి తట్టుకోలేక పెద్దాసుపత్రికి వెళ్తే గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష, కొలనోస్కోపీ, చేశారు. పెద్దపేగు ఎడమ పక్కన గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సరన్నారు. ఆగస్టులో ఆపరేషన్ చేసి ఆ భాగం, దాని పక్కన ఉండే బిళ్ళలు తీశారు. బిళ్ళల్లో కొన్నిటికి జబ్బు పాకింది కాబట్టి కీమో తప్పదన్నారు. గడ్డ తీసేశాక మందెందుకండీ అని ఆవిడ భర్త అడిగాడట. కంటికి కనపడని కణాలు రక్తంలో ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి కోసం అని డాక్టరమ్మ చెప్పారు. కలుపు పీకిన చేలో గింజలు మిగిలిపోతే ఏమవుతుందో రైతుకి వేరే చెప్పక్కర్లేదు. ఆయనకి వెంటనే అర్థమైంది.

ఇక మా తప్పు దగ్గరికి వస్తాం.

ఈ మూడు నెలలూ అక్క మీటింగులకి రాలేదు. వాయిదా కట్టలేదు. అడిగితే ఒంట్లో బాగోలేదని ఒక మాట. మన పంచసూత్రాలు మనకి తెలుసు కదా. మీటింగుకి రానివాళ్ళకి జరిమానా వెయ్యాలి, వేశాం. మూడుసార్లు వేశాం. మూడోసారి మాలో ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి గట్టిగా మాట్లాడాం. ఆవిడ లోపల మంచం మీద ఉంది. కడుపు మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. బయటికి రాకుండా లోపల్నుంచే, వచ్చే నెల కడతానమ్మా అంది. మేం వెనక్కి వచ్చేశాం. ఆ సంగతి తల్చుకుంటే ఈ రోజుకీ మాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఎందుకు దాచిందంటే, క్యాన్సరని తెలిస్తే ఇక అప్పు పుట్టదనుకుంది. ఈవిడ తీర్చేదేముందిలే అని ఉన్న అప్పు ఒక్కసారే కట్టమంటారనుకుంది. ఇంకో భయం, కూతురి సంబంధం. ఆ ఇంట్లో క్యాన్సరట అనే మాట పొరుగూరు దాకా పోతే పెళ్ళి ఆగిపోతుందని. చివరికి చెప్పింది మా వీఓఏ అమ్మాయి. ఆధార్ కాగితాల కోసం వాళ్ళింటికి వెళ్ళి ఆసుపత్రి ఫైలు చూసింది. ఆ సాయంత్రమే పదకొండు మందిమీ వెళ్ళాం. ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఒకామె పొయ్యి మీద ఎసరు పెట్టింది.

జరిమానాలు కొట్టేశాం. బ్యాంకు వాయిదా ఆవిడ వాటా నెలకి 2,900. దాని గురించి మాలో పెద్ద గొడవే అయింది, అది దాచం. ఇద్దరు ఒప్పుకోలేదు. మొదటి నెల తొమ్మిది మందిమి తలా 325 వేశాం. పైన 25 రూపాయలు మిగిలితే టీ తాగాం. రెండో నెలకి ఒకామె మనసు మార్చుకుంది. పది మందికి తలా 290 సరిగ్గా సరిపోయింది, టీ పోయింది. ఇంకొకామె చివరిదాకా ఇవ్వలేదు. ఆమెని మేం ఒక్క మాట అనలేదు, ఆమె ఇంటి పరిస్థితి మాకు తెలుసు. కానీ ఆసుపత్రికి తోడు వెళ్ళే వంతుల్లో అందరికంటే ఎక్కువసార్లు వెళ్ళింది ఆవిడే.

అలా కట్టిన డబ్బుని అక్కకి వడ్డీ లేని అంతర్గత అప్పుగా తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం. ఆడిట్‌లో అడిగారు, వడ్డీ లేకుండా ఎలా ఇస్తారని. మూడు నెలల బకాయి ముందే ఉండటంతో గ్రేడు పోయింది. గ్రేడు సంగతి అంతే. ఇప్పుడు అసలు విషయం చెప్తాం.

కీమో ఎనిమిది విడతలు. విడత అంటే మూడు వారాలు. మొదటి రోజు ఆసుపత్రిలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు సెలైనులో రెండు మూడు గంటలు ఎక్కిస్తారు. ఆ తర్వాత పద్నాలుగు రోజులు పొద్దునా రాత్రీ ఇంట్లో కాపెసిటాబిన్ మాత్రలు, తిన్న అరగంటలోపు వేసుకోవాలి. తర్వాత ఏడు రోజులు ఖాళీ. ఒక పూట మర్చిపోతే రెండో పూట రెట్టింపు వేసుకోకూడదు. అక్క చదువుకోలేదు. అందుకని వాళ్ళ గోడ మీద క్యాలెండరులో ప్రతి రోజుకీ సూర్యుడు ఒకటి, చంద్రుడు ఒకటి గీశాం. వేసుకున్నాక కొట్టేసేది.

పక్క మంచాల మీద ఇంకో పద్ధతి చూశాం. రెండు వారాలకొకసారి, రెండు రోజులపాటు చిన్న పంపు తగిలించుకుని మందు సన్నగా ఎక్కించుకుంటూనే ఉండటం. ఎవరికి ఏది అన్నది డాక్టరు నిర్ణయం. పక్కవాళ్ళది చూసి మాకదెందుకు ఇవ్వలేదని గాభరా పడక్కర్లేదు. మేం పడ్డాం.

మొదటి విడత రోజు సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుందామని కుండలో చెంబు ముంచింది. కెవ్వున అరిచి చెంబు వదిలేసింది. చేతిలో సూదులు గుచ్చినట్టయిందట. ఆ నీళ్ళే ఒక గుక్క తాగబోతే గొంతు పట్టేసినట్టయి ఊపిరి ఆగిపోతోందనుకుంది. ఇల్లంతా ఏడుపులు. అది ఆ మందు లక్షణం, చల్లదనం తగిలితే నరాలు అలా చేస్తాయి, కాసేపటికి తగ్గుతుంది. ముందే చెప్పి ఉంటే అంత భయపడేవాళ్ళం కాదు. ఆసుపత్రిలో చెప్పే ఉంటారేమో, ఆ రోజు మా చెవికి ఏదీ ఎక్కలేదు. అప్పటినుంచి గోరువెచ్చని నీళ్ళే. భోగి నాడు ఊరంతా మంట చుట్టూ ఉంటే అక్క చేతులకి మేజోళ్ళు తొడుక్కుని, చెవులకి మఫ్లరు కట్టుకుని మంటకి అందరికంటే దగ్గరగా కూర్చుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఇరవై ఏళ్ళు ఐసులో చేతులు పెట్టి బతికిన మనిషి ఐసు ముట్టుకోలేదు. షెడ్డు పని పోయింది. సెలవు అనేది ఆ పనికి లేదు, రాని రోజు డబ్బులుండవు, అంతే. కొబ్బరి పీచుతో తాడు పేనే పని ఇప్పిద్దామని చూశాం. నాలుగో విడతకి వేళ్ళు మొద్దుబారడం మొదలైంది, పీచు చిటికెకి అందేది కాదు. జాకెట్టు హుక్కులు కూతురు పెట్టేది. ఈ తిమ్మిరి పెరుగుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఓర్చుకోవడం గొప్ప కాదు. అక్క ఓర్చుకుంది, రెండు విడతలు చెప్పలేదు, మందు ఆపేస్తారేమో అని. చెప్పాక డాక్టరమ్మ మోతాదు తగ్గించారు. ఆరో విడత తర్వాత సెలైను ఆపేసి చివరి రెండూ మాత్రలతోనే పూర్తి చేశారు.

జ్వరం సంగతి ఒకటుంది, దీన్ని మాత్రం రాసుకోండి. కీమో మందు రక్తంలో తెల్లకణాలని తగ్గిస్తుంది. మామూలు వాళ్ళకి జ్వరమొస్తే పారాసిటమాల్ వేసి పడుకుంటాం. కీమోలో ఉన్నవాళ్ళకి ఒళ్ళు 100.4 దాటిందంటే అది తెల్లారేదాకా ఆగే జ్వరం కాదు. మూడో విడతప్పుడు, కార్తీక సోమవారం, అక్క ఉపవాసం కూడా ఉంది. వద్దన్నా వినలేదు. రాత్రి తొమ్మిదింటికి వణుకు మొదలైంది. అత్తగారు కషాయం కాచారు. మాలో ఒకామె ధర్మామీటరు పెడితే 102. 108కి ఫోన్ చేశాం. ఆ రాత్రే సూది మందులు మొదలుపెట్టారు, నాలుగు రోజులుంచారు. పొద్దున్న వద్దామనుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు గానీ ఆయన మొహం చూస్తే మాకు తెలిసింది. మా సంఘం డబ్బుతో అప్పుడు ఒక ధర్మామీటరు కొన్నాం. ఇప్పటికీ ఊళ్ళో తిరుగుతూనే ఉంది, ఎవరింట్లో ఉందో వెతుక్కోవాలి.

డబ్బు విషయం. ఆపరేషనుకీ కీమోకీ ఆరోగ్యశ్రీ పనిచేసింది. 2007లో వచ్చిన పథకం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, మా నోటికి ఆరోగ్యశ్రీయే తిరుగుతుంది. అది లేకపోతే ఆ ఇంటి గుమ్మం కూడా మిగిలేది కాదు. కానీ కార్డు చూడని ఖర్చులు చాలా ఉన్నాయి. జబ్బు తేలకముందు పెట్టినదంతా సొంతమే. ప్రతి విడతకీ ముందు ఒకసారి రక్తపరీక్షకి, తర్వాత మందుకి, అంటే రెండు ప్రయాణాలు, మొత్తం పదహారు. రావులపాలెం మీదుగా బస్సు, ఆటో, ఇద్దరి తిండి కలిపి ఆరేడు వందలు. పదివేలు దాటిపోయింది. ఒకసారి రక్తపరీక్షలో కణాలు తక్కువని వారం తర్వాత రమ్మని పంపేశారు, అది పదిహేడో ప్రయాణం. తోడు వెళ్ళిన మనిషి కూలి పోయినది ఎవరి లెక్కలోకీ రాదు. ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యింది 2025 ఆగస్టు 15 నుంచి, మా కీమో మార్చిలోనే అయిపోయింది. మీకు అక్కరకొస్తుంది. రైల్లో క్యాన్సర్ రోగికీ తోడు మనిషికీ టిక్కెట్టులో రాయితీ ఉంది, ఆసుపత్రిలో ఫారం రాయించుకోవాలి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మనకి దగ్గర. విశాఖ వైపు అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మొలల బోర్డులు చూసి వెళ్ళే ముందు ఈ పేర్లు గుర్తు తెచ్చుకోండి.

మాత్రల వల్ల అరచేతులు, అరికాళ్ళు ఎర్రగా కంది పొట్టు లేచాయి. కొబ్బరి నూనె రాసేవాళ్ళం. డాక్టరమ్మ యూరియా కలిసిన క్రీము రాశారు. యూరియా అంటే చేలో చల్లేది కదండీ అని భర్త అంటే అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది. కానీ ఆ పొట్టుతో పాటు ఇంకోటి పోయింది. వేలిముద్ర. రేషను డీలరు దగ్గర మిషను మీద వేలు పెడితే తీసుకోలేదు. పది వేళ్ళూ పెట్టింది. బ్యాంకు మిత్ర దగ్గరా అంతే. వెనక నిలబడినవాళ్ళు, చేతులు కడుక్కుని రావమ్మా అన్నారు. మేం నమ్మలేదు గానీ, ఇది లోకంలో ముందే జరిగిందట. ఇదే కాపెసిటాబిన్ వాడుతున్న సింగపూర్ ఆయన్ని 2008లో అమెరికా విమానాశ్రయంలో వేలిముద్ర పడటం లేదని గంటల తరబడి ఆపేశారు. మరుసటి ఏడు డాక్టర్ల పత్రికలో వచ్చింది. మనకి అమెరికా కాదు, బియ్యం. కంటి స్కానరుతో ఇవ్వమని వీఓఏ వెళ్ళి మాట్లాడాక పని జరిగింది. బ్యాంకులో ఓటీపీతో. కానీ ఆ రెండు వారాలు బియ్యం మా ఇళ్ళలోంచే వెళ్ళింది.

ఐరన్, ఫోలిక్ మాత్రలని ఇందాక చెప్పాం కదా, దాని మీద ఒక మాట. కీమోలో కూడా అక్క అవి వేసుకుంటూనే ఉంది, రక్తానికి మంచిదని. డాక్టరమ్మ చూసి ఆపించారు. ఫోలిక్ ఆమ్లం ఈ కీమో మాత్ర దెబ్బని ఇంకా పెంచుతుందట, విరేచనాలు, నోటిపూత ఎక్కువవుతాయట. అంగన్‌వాడీలో ఇచ్చే మాత్రే కదా అని కీమోలో ఉన్నప్పుడు అడక్కుండా వేసుకోకండి. అప్పుడు ఆవిడే ఒక సంగతి చెప్పారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో తయారుచేయించింది మన భీమవరం ఆయన, ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో పుట్టారు, రాజమండ్రిలో చదివారు, తల్లి నగలమ్మి చదివించిందని చెప్తారు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకి ఫోలిక్ ఆమ్లం మందయింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణం పెరగదు కదా అన్న దారిలో ఆయన బృందం చేసిన మందుల్నే బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చారు. ఆ ఫలితాలు వచ్చింది 1948లో, సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడాదే. పంపు పెట్టుకునే పద్ధతిలో ఇచ్చే మూడు మందుల్లో ఒకటి, ల్యూకోవోరిన్, అదీ ఫోలిక్ జాతిదే. అక్క ఇదంతా విని, భీమవరమా, మా పెద్దమ్మగారి ఊరే అంది. ఆ రోజు సెలైను ఎక్కుతున్నంతసేపూ పక్క మంచాలవాళ్ళకి అదే చెప్పింది.

ఊళ్ళో మాటలు సరేసరి. అంటుకుంటుందని గ్లాసు వేరే పెట్టినవాళ్ళున్నారు. క్యాన్సర్ అంటుకోదు. పథ్యం పేరుతో గుడ్డు, చేప మాన్పించారు అత్తగారు. ఆవిడ చెడ్డది కాదు, రాత్రిళ్ళు కోడలి కాళ్ళు పట్టింది, కానీ బాలింత పథ్యం, కీమో పథ్యం ఒకటే అనుకుంది. ఆవిణ్ణి ఒకసారి ఆసుపత్రికి మాతో తీసుకెళ్ళాం. గుడ్డు పెట్టమని డాక్టరమ్మే చెప్పాక ఇంక రోజూ పెట్టింది, వద్దన్నా పెట్టింది.

ఇప్పుడు సంగతి. కీమో అయిపోయి ఏడాది కావస్తోంది. మూడు నెలలకొకసారి రక్తపరీక్ష. ఏడాదికి మళ్ళీ కొలనోస్కోపీ చేశారు, ఏమీ లేదన్నారు. అరికాళ్ళ తిమ్మిరి పోలేదు, చెప్పు జారిపోయినా తెలియదు. పూర్తిగా నయమైందని ఎవరూ మాటివ్వలేదు, అయిదేళ్ళు చూస్తూ ఉండాలన్నారు. అక్క పిల్లల్ని నలభై ఏళ్ళు రాగానే వాళ్ళకీ ఆ పరీక్ష చేయించమన్నారు. సొంత అక్కకి ఇప్పుడే చేయించాలంటే ఆమె సిగ్గుపడి రావడం లేదు, ఇంకా బతిమాలుతున్నాం. షెడ్డుకి వెళ్ళడం లేదు. స్త్రీనిధి అప్పుతో గేదెని కొనుక్కుంది, పాలు కొడుకు పితుకుతాడు, లెక్క ఆవిడ చూస్తుంది. మేం వేసిన డబ్బులో సగం పైగా తిరిగి కట్టింది. వద్దన్నా కడుతోంది. కూతురి పెళ్ళి మాఘమాసంలో కుదిరింది.

సమాఖ్యని మేం అడిగేవి రెండున్నాయి. పెద్ద జబ్బుతో మీటింగుకి రాని మనిషికి జరిమానా వేసే ముందు ఇద్దరు వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలో కాదు, లోపల కూర్చుని మాట్లాడి రావాలని రూలు పెట్టండి. వైద్యం జరిగినన్నాళ్ళు వాయిదా వేరే పద్దులో రాసుకోవడానికి, దాని వల్ల గ్రేడు పోకుండా ఉండటానికి తీర్మానం చేయండి. ఏపీఎం గారు ఇది తన చేతిలో లేదని ముందే చెప్పారు. పైకి రాయమని అడుగుతున్నాం.

వచ్చే పరీక్ష రేపే. తోడు వెళ్ళే వంతు మా కోశాధికారిది. తెల్లారగట్ల మొదటి బస్సు అందుకోవాలి కాబట్టి వాళ్ళిద్దరూ మధ్యలో లేచి వెళ్తారు, ఎవరూ ఏమీ అనుకోవద్దు. భోజనాలు వాళ్ళకి ముందుగా వడ్డించమని వంటవాళ్ళకి చెప్పాం. అక్క మాత్రం మజ్జిగ చల్లగా ఉంటేనే కావాలంటోంది ఇప్పుడు.